పాలపళ్ల గుట్టు విప్పిన జాన్ హంటర్

ఏడాది కూడా నిండని పాప. నాలుగు రోజులుగా విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, నాలుక పిడచకట్టింది. పళ్లొస్తున్నాయి కాబట్టి ఇదంతా మామూలేనని ఇంట్లో పెద్దవాళ్లు సర్దిచెప్పడంతో ఆసుపత్రికి తీసుకురావడం ఆలస్యమైంది. మా ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటి పిల్లల్ని తరచూ చూస్తుంటాం.

ఈ నమ్మకం మన దగ్గరే ఉందనుకోకండి. 18వ శతాబ్దపు లండన్‌లో మరణాల పట్టికల్లో పసిపిల్లల చావుకు కారణంగా ‘పళ్లు’ అనే రాసేవారు. ఆ రోజుల్లోనే పాలపళ్లను శాస్త్రీయంగా పరిశీలించిన సర్జన్ జాన్ హంటర్. ఆయన ఏది సరిగ్గా చూశాడో, ఎక్కడ పొరబడ్డాడో తెలుసుకుంటే మీ సందేహాలు సగం తీరిపోతాయి.

చదువు అబ్బని పిల్లాడు

హంటర్ 1728లో స్కాట్లాండ్‌లోని ఓ పల్లెలో పుట్టాడు. పదిమంది పిల్లల్లో ఆఖరివాడు. బడి చదువు అబ్బలేదు. 1748లో లండన్‌ వెళ్లి, అన్న విలియం నడిపే శరీర నిర్మాణ పాఠశాలలో చేరాడు. అక్కడ కత్తి పట్టాక మాత్రం ఆయనకు సాటి లేకపోయింది. కొన్నాళ్లు సైన్యంలో సర్జన్‌గా చేసి తిరిగొచ్చాక ఒక దంతవైద్యుడితో కలిసి పనిచేశాడు. 1768లో సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో సర్జన్ అయ్యాడు. మశూచి టీకాకు బాట వేసిన ఎడ్వర్డ్ జెన్నర్ ఈయన శిష్యుడే.

మనిషి పళ్ల మీద హంటర్ రాసిన పుస్తకం 1771లో వెలువడింది. వేర్వేరు వయసుల దవడ ఎముకల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం ఆయన పద్ధతి. దవడ ప్రధానంగా వెనక వైపుకే పెరుగుతుందని అలా గ్రహించాడు. మీ బాబుకు ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక కొత్తగా ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్ని పాలపన్నే అనుకుని వదిలేస్తారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

చిన్న పన్నే, పెద్ద పని

పాలపళ్లు మొత్తం 20. పైన పది, కింద పది. వీటిలో కొరికే ముందుపళ్లు ఎనిమిది, కోరపళ్లు నాలుగు, దవడపళ్లు ఎనిమిది. తల్లి కడుపులో ఆరో వారం ప్రాంతంలోనే వీటికి పునాది పడుతుంది. సాధారణంగా 6-10 నెలల మధ్య కింది ముందుపళ్లు బయటికొస్తాయి. మూడేళ్లకల్లా అన్నీ వచ్చేస్తాయి. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు ఒక్కొక్కటిగా ఊడతాయి.

పాలపన్ను పైన ఉండే ఎనామిల్ పొర పెద్దల పన్నుతో పోలిస్తే పలుచన. లోపల నరం, రక్తనాళాలు ఉండే గది పెద్దది. అందుకే పుచ్చు మొదలైతే త్వరగా లోతుకు దిగుతుంది. పాల దవడపన్ను వేళ్లు కాళ్లు చాపినట్టు దూరదూరంగా ఉంటాయి. వాటి మధ్యనే రాబోయే శాశ్వత పన్ను మొగ్గ ఒదిగి ఉంటుంది. పైన చీము పడితే ఆ మొగ్గ కూడా దెబ్బతినొచ్చు. పాలపన్ను ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, కొత్త పన్నుకు చోటు లేకుండా చేస్తాయి. ఎలాగూ ఊడేదే కదా అని వదిలేయకూడదనేది ఇందుకే.

మహానుభావుడూ పొరబడ్డాడు

హంటర్ నలుగురు పిల్లల్లో ఇద్దరు పసితనంలోనే పోయారు. ఆ బాధ తెలిసిన ఆయన కూడా పళ్లు రావడం వల్లే పిల్లలకు జ్వరం, ఫిట్స్ వస్తాయని నమ్మాడు. చిగురు కోస్తే తగ్గిపోతుందని రాశాడు. ఒకే పిల్లాడికి పదేపదే కోసిన సందర్భమూ ఉంది. ఆ మాటకున్న గౌరవంతో వైద్యులు తర్వాత కూడా చాలాకాలం చిగుళ్లు కోస్తూనే వచ్చారు.

పళ్లొచ్చేటప్పుడు చొంగ కారడం, చిగురు దురద, చిరాకు ఉంటాయి. ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు మించిన జ్వరం, విరేచనాలు, ఫిట్స్ మాత్రం పళ్ల వల్ల రావు. ఆ వయసులో పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, తల్లి నుంచి వచ్చిన రక్షణా తగ్గుతుంటుంది. అందుకే ఇన్‌ఫెక్షన్లు. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి వెంటనే డాక్టరుకు చూపించండి. ఫిట్స్ వస్తే క్షణం ఆలస్యం చేయొద్దు.

మొదటి పన్ను రాగానే మెత్తటి బ్రష్‌తో, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే తోమండి. పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చొద్దు. మొదటి పుట్టినరోజుకల్లా ఒకసారి దంతవైద్యుడికి చూపించండి. ఏడాదిన్నరకూ ఒక్క పన్నూ రాకపోతే తప్పక చూపించాలి.

హంటర్ 1793లో తన ఆసుపత్రి సమావేశంలోనే గుండెపోటుతో కూలిపోయాడు. ఆయన సేకరించిన వేలాది నమూనాల్లో మిగిలినవి ఇప్పటికీ లండన్ హంటేరియన్ మ్యూజియంలో ఉన్నాయి. ఏదైనా స్వయంగా చూసి తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. మీ పాప జ్వరానికి కారణాన్ని పళ్ల మీదకు నెట్టేముందు మీరూ అదే చేయండి. థర్మామీటర్ పెట్టి చూడండి.