రెండు భాషలు ఎరిగిన పంతులు
మన పిల్లలకు చెప్పదగ్గ బడిపంతులు కథ ఇది. నయిన్ సింగ్ రావత్ 1830లో కుమావూ కొండల్లో పుట్టారు. మిలం ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పేవారు. ఆయన వాళ్ళది టిబెట్‌తో వర్తకం చేసే జాతి. అందువల్ల ఆ భాషా వచ్చు.

టిబెట్ తలుపులు మూసుకున్న రోజులవి. కొలతలు తీసేవాడని తెలిస్తే ప్రాణానికే ముప్పు. ఆయన మారువేషంలో వెళ్ళారు. నూరు పూసల జపమాలతో అడుగులు లెక్కపెట్టారు, చీటీలను ప్రార్థన చక్రంలో దాచారు. 1866లో లాసా చేరారు. 1874లో లేహ్ నుంచి బయలుదేరి, ఎత్తైన మైదానాలు, సరస్సుల మీదుగా మళ్ళీ లాసా చూసి, అస్సాంలో దిగారు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకమిచ్చింది.

పొరుగు భాష రాకుంటే ఆ వేషం నిలిచేదా? ఇంట తెలుగు, వీధిలో మరో భాష వినే మన పిల్లలకు రెండూ బాగా నేర్పుదాం.