అన్నం విలువ పారతో నేర్పిన వినోబా

భూదాన్ పోచంపల్లి: ఆచార్య వినోబా భావే అనగానే ఉమ్మడి నల్లగొండ జిల్లావారికి 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి గారు ఇచ్చిన నూరెకరాలే గుర్తుకొస్తాయి. అంతకుముందు ఆయన చేసిన సేద్యం సంగతి చాలామందికి తెలియదు.

మహారాష్ట్రలోని గాగోదెలో 1895లో పుట్టిన వినోబా 1916లో కాలేజీ చదువు వదిలి గాంధీజీ ఆశ్రమంలో చేరారు. వట్టి పుస్తకాల చదువు చదువే కాదని ఆయన పట్టుదల. తరువాత వార్ధా దగ్గరి పౌనార్ ఆశ్రమంలో డబ్బు విరాళాలు మానేసి, అక్కడి యువకులతో కలిసి తిండి తామే పండించుకోవాలని పూనుకున్నారు. బావి తామే తవ్వారు. ఎడ్లు కట్టలేదు, నాగలి పట్టలేదు. పారలతో నేల తవ్వి కూరగాయలు పెంచారు. నీళ్ళు తోడే రహట్టును కూడా మనుషులే తిప్పారు. దీన్ని ఋషిఖేతి అన్నారు. అట్లా తోడి తడిపిన మడిలోని కూర తిన్న కుర్రవాడు పళ్ళెంలో మెతుకు వదులుతాడా?

1951 మార్చిలో అక్కడినుంచే కాలినడకన బయలుదేరి శివరాంపల్లి సర్వోదయ సభకు, అటునుంచి పోచంపల్లికి వచ్చారు. పని లేక, తిండి లేక ఉన్న 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి, సగం తరి, సగం ఖుష్కీ. దున్నుకుని బతుకుతామన్న ఆ మాట బరువు చేతులు కాయలు కాసిన వినోబాకు వేరే చెప్పనక్కర లేకపోయింది. ఊళ్ళో ఎవరైనా ఇస్తారా అని అక్కడే అడిగారు.

ఆయన 1982 నవంబరు 15న పౌనార్‌లోనే కన్నుమూశారు.