లోతెరుగని ఇసుకపై ఆనకట్ట: సర్ ఆర్థర్ కాటన్

పునాది యెంత లోతైన కట్టడ మంత స్థిరమని లోకులు తలంతురు. గోదావరి విషయమున ఈ నమ్మకమే చిరకాలము పెద్ద అడ్డంకి యయ్యెను. డెల్టా ముఖమున నదీగర్భ మంతయు ఇసుక. ఆ నాటి పనిముట్లతో త్రవ్వగలిగినంత మేర త్రవ్వినను రాయి తగులదు. రాయి తగులని చోట గోడ యెట్లు నిలుచును? ఈ ప్రశ్నకు ధవళేశ్వరమున సమాధానము చెప్పినవాడు సర్ ఆర్థర్ థామస్ కాటన్. ఆ సమాధానమును తాను మన దేశమునందే నేర్చితినని ఆయన దాపరికము లేక ఒప్పుకొనెను.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1821లో, కంపెనీ కొలువున ఇంజనీరుగా చెన్నపట్టణము చేరెను. కొన్ని యేండ్లకు కావేరీ జలముల పని ఆయనకు లభించెను. అక్కడ ఆయన చూపు కల్లణైపై నిలిచెను. కరికాల చోళుడు కట్టించెనని ప్రతీతి గల ఆ ప్రాచీనపు ఆనకట్ట శతాబ్దుల వరదలకు తట్టుకొని నిలిచియున్నది. దాని యడుగున చూడబోయిన గొప్ప పునాది యేదియు లేదు. మోటురాళ్ళు, మట్టి, వాని క్రింద ఇసుక, అంతే. కట్టినవారి పేళ్ళైనను మనకు దక్కలేదు. ఇసుకలో రాళ్ళు క్రుంగును. క్రుంగినకొలది మరల రాళ్ళు వేయుచు పోయినచో ఒకనాటికి అవి యిక కదలక కుదురుకొనును. లోతుకు మారుగా వెడల్పును, బరువును, ఓపికను నమ్ముకొనుటయే ఇందలి రహస్యము. ఈ పాఠముతో కాటన్ 1836 మొదలుకొని కొళ్ళిడముపై ఆనకట్టలు నిర్మించి తంజావూరు పంటలను నిలిపెను. ఆంగ్లేయులు ఇట్టి కట్టడమునకు వాడు పేరు సైతము తమిళుల మాట నుండి తీసికొన్నదే.

ఆ కాలమున మన తీరమండలముల దుఃస్థితి చెప్పనలవి కాదు. 1832-33లో నందన కరవు గుంటూరు సీమను నాశనము చేసెను. 1839లో కోరంగి తీరమును తుఫాను ముంచెను. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821 నాడు ఏడు లక్షలు దాటియున్న జనసంఖ్య 1841 నాటికి ఆరు లక్షల లోపునకు దిగెను. ప్రక్కనే మహానది సముద్రమునకు పోవుచుండగా పొలములు ఎండుచుండుట కాటన్ కు సహింపరాని దయ్యెను. 1844లో ఆయన డెల్టాను పరిశీలించి నివేదిక వ్రాసెను. కంపెనీవారు ఖర్చునకు వెనుదీసిరి. పట్టు వదలక వ్రాయగా వ్రాయగా 1846లో అనుమతి లభించెను.

స్థలనిర్ణయమునందే ఆయన సూక్ష్మబుద్ధి కనుపించును. పాపికొండల నడుమ గోదావరి యిరుకై అగాధముగ నుండును. ధవళేశ్వరము చెంత లంకలతో కలిసి సుమారు 4 మైళ్ళు పరచుకొని, నాలుగు పాయలై, లోతును వేగమును కోల్పోవును. ఇరుకున పొట్టిగోడ చాలును గదా యని సామాన్యుడు తలచును. కాటన్ వెడల్పునే కోరుకొనెను. రాతికి ప్రక్కనే ధవళేశ్వరపు కొండ యుండెను. 1847లో పని ప్రారంభమయ్యెను. ఇసుకలో లోతు తక్కువ నూతులు దింపి, వానిపై 12 అడుగుల యెత్తు గోడ కట్టి, దిగువన విడిరాళ్ళు మెండుగా పరపించిరి. నూతులు దింపు విద్యయు ఈ దేశపు పనివారిదే. వేలకొలది కూలీలు ఎండలో రాళ్ళు మోసిరి. వీణెం వీరన్న వంటి దేశీయోద్యోగులు కుడిభుజమై నిలిచిరి. ఈ ఘనత నొక్క దొర ఖాతాలోనే వ్రాయుట న్యాయము కాదు.

1848లో ఆరోగ్యము చెడి కాటన్ ఆస్ట్రేలియాకు పోవలసి రాగా, కెప్టెన్ ఓర్ పని నడిపించెను. 1850లో కాటన్ తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. వరదలకు రాళ్ళు క్రుంగినప్పుడెల్ల మరల రాళ్ళు వేయుచుండిరి. కల్లణై పాఠ మదియే. అటుపై బెజవాడలో కృష్ణకు ఆనకట్ట ఓర్ ఆధ్వర్యమున 1855లో ముగిసెను.

1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. ఆయన పట్టుదలకు మితము లేదనుట నిజము. రైళ్ళకంటె కాలువలే మేలని వాదించి వాదించి పలువురితో వైరము తెచ్చుకొనెను. ఆయన ఉత్సాహపరచిన తుంగభద్ర కాలువ కంపెనీకి నష్టమే మిగిల్చెను. 1878లో పార్లమెంటు విచారణ సంఘము ఎదుట ఆయన సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. 1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయసున, డార్కింగులో మరణించెను.

గోదావరీ తీరమున స్నానసంకల్పమున కొందరు పండితులు ఆయన పేరును చేర్చిరని జనశ్రుతి కలదు. పాత ఆనకట్టకు బదులుగా వచ్చిన బ్యారేజికిని ఆయన పేరే పెట్టిరి. ధవళేశ్వరమున ఆయన ప్రదర్శనశాలయు కలదు. కల్లణై అడుగున మాత్రము ఆ పేరెరుగని వారు పరచిన రాళ్ళు ఇప్పటికిని ఇసుకలోనే యున్నవి.