వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు

రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు (1761 - 1816) కృష్ణానదికి ఇరువైపులా విస్తరించిన చింతపల్లి జమీందారీని పాలించిన ప్రముఖుడు. నేటి అమరావతి పట్టణ నిర్మాత, మంగళగిరి గాలిగోపుర నిర్మాత. జగ్గయ్యపేట ఇతని తండ్రి పేరున వెలసినదే. ఇతని దాతృత్వాన్ని గుడిగోపురాలు చాటుతుండగా, ఇతని కాలపు రాజ్యవ్యవహారాలు గ్రామ కైఫియత్తులలోను, ఈస్టిండియా కంపెనీ దస్త్రాలలోను, న్యాయస్థానాల తీర్పులలోను నిక్షిప్తమై ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే ఇతని జీవితం సమగ్రంగా అర్థమవుతుంది.

వంశము, బాల్యము

వాసిరెడ్డి వారి మూలస్థానమైన చింతపల్లి కృష్ణకు దక్షిణపు ఒడ్డున ఉంది. ఉత్తరపు ఒడ్డున ముక్త్యాల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలున్నాయి. వెంకటాద్రి నాయుడి తల్లిదండ్రులు అచ్చమ్మ, జగ్గన్న. తండ్రి ఇతని పసితనంలోనే మరణించగా తల్లి సహగమనం చేసిందని చెబుతారు. బంధువుల సంరక్షణలో పెరిగిన వెంకటాద్రి 1783లో జమీందారీ బాధ్యతలు స్వీకరించాడు. అనంతరం బేతవోలు గ్రామం వద్ద పేటను అభివృద్ధి చేసి తండ్రి పేరున జగ్గయ్యపేట అని పేరు పెట్టాడు. తల్లి పేరున అచ్చంపేట వెలసింది.

కంపెనీ పాలనలో జమీందారు

వెంకటాద్రి నాయుడు అధికారంలోకి వచ్చేనాటికి కృష్ణకు ఉత్తరాన కొండపల్లి సర్కారు కంపెనీ అధీనంలో ఉండగా, దక్షిణాన గుంటూరు సర్కారు నిజాం ఏలుబడిలో ఉండేది. 1788లో గుంటూరు సర్కారు కూడా కంపెనీ చేతికి వచ్చింది. అంతవరకు సొంత సైన్యంతో, కోటలతో చిన్న రాజు వలె మెలగిన జమీందారు ఇక కంపెనీ కలెక్టరుకు జవాబుదారీ అయ్యాడు. 1802లో శాశ్వత శిస్తు విధానం అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఏటా నిర్ణీత పేష్కషు చెల్లించినంత కాలమే జమీందారీ నిలుస్తుంది. బకాయి పడితే వేలానికి వస్తుంది. నాటి గుంటూరు ప్రాంతపు ఐదు పెద్ద జమీందారీలలో వాసిరెడ్డి వారిదే అగ్రస్థానం. పూర్వపు రాజులకు గల దండనాధికారం పోయినా, వారి దానధర్మాలను, రాజలాంఛనాలను మాత్రం వెంకటాద్రి నాయుడు వదులుకోలేదు.

అమరావతి నిర్మాణము

1790వ దశకంలో ఇతడు తన నివాసాన్ని చింతపల్లి నుండి అమరేశ్వరస్వామి సన్నిధికి మార్చి అమరావతి పట్టణాన్ని నిర్మించాడు. ఈ మార్పునకు కారణంగా రెండు కథనాలు ప్రచారంలో ఉన్నాయి. చింతపల్లిలో కంపెనీ సిపాయిల జోక్యం సహించలేక తరలి వచ్చాడన్నది ఒకటి. రెండవది చెంచులకు సంబంధించినది. దోపిడులు చేస్తున్నారన్న ఆరోపణపై ఇతడు చెంచులను విందుకు పిలిపించి తలలు నరికించాడని, ఆ పాపభీతితో శివసన్నిధిని ఆశ్రయించి ఆలయ నిర్మాణాలకు పూనుకున్నాడని చెబుతారు. ఆ ఘటన వల్లనే నరుకుళ్ళపాడుకు ఆ పేరు వచ్చిందని స్థానికుల విశ్వాసం. ఈ కథ జమీందారు పశ్చాత్తాపాన్ని చెబుతుంది గాని, చనిపోయినవారిలో ఒక్కరి పేరునైనా చెప్పదు. దానం పొందిన ఆలయాల పేర్లు శాసనాలకు ఎక్కాయి. చెంచుల పక్షాన కాగితం రాసిన కరణం లేడు.

పట్టణ నిర్మాణానికి రాళ్ళు కావలసి వచ్చినప్పుడు పనివారు సమీపంలోని దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వారు. అందులో చెక్కడాలతో కూడిన పాలరాయి వంటి సున్నపురాతి పలకలు బయల్పడ్డాయి. అదే ప్రాచీన అమరావతి మహాస్తూపం. కొన్ని పలకలు కట్టడాలలో కలిసిపోయాయి. తరువాతి కాలంలో దిబ్బ నడిమి భాగాన్ని చెరువుగా తవ్వించడం వల్ల స్తూపానికి తీరని నష్టం వాటిల్లింది. అయితే ఆ తవ్వకం వల్లనే స్తూపం లోకానికి తెలిసిందన్నదీ వాస్తవమే.

ఆలయాలు, సాహిత్య పోషణ

మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి ఇతడు 1807 - 1809 మధ్య పదకొండు అంతస్తుల గాలిగోపురం నిర్మించాడు. దీని ఎత్తు 153 అడుగులు. చేబ్రోలులో కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ ఆలయాన్ని కట్టించాడు. అమరావతి అమరేశ్వరాలయాన్ని పునరుద్ధరించాడు. దేవీభాగవతాన్ని తెలుగు చేసిన ములుగు పాపయారాధ్యుడు ఇతని ఆస్థానకవి.

కైఫియత్తులు, మెకంజీ సేకరణ

అమరావతిలో దొరికిన రాళ్ళ వార్త విని కంపెనీ ఇంజనీరు కాలిన్ మెకంజీ 1798లో అక్కడికి వచ్చాడు. 1816లో తిరిగి వచ్చి తన సహాయకుల చేత శిల్పాల చిత్రాలు గీయించాడు. ఆ చిత్రాలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. తరువాత నశించిన కొన్ని శిల్పాలకు అవే ఆధారం.

మెకంజీ సహాయకులైన కావలి సోదరుల వంటి వారు గ్రామాలు తిరిగి కరణాల వద్ద ఉన్న దండకవిలెలను, వృద్ధులు చెప్పిన సంగతులను సేకరించారు. అలా ఏర్పడినవే గ్రామ కైఫియత్తులు. గుంటూరు ప్రాంతపు కైఫియత్తులలో వెంకటాద్రి నాయుడు సమకాలీన ప్రభువుగా కనిపిస్తాడు. ఏ గ్రామం ఎవరి వంతుకు వచ్చింది, ఏ గుడికి మాన్యం ఉంది, చెరువు ఎవరు తవ్వించారు వంటి వివరాలు వీటిలో లభిస్తాయి. అయితే జమీందారు జీవించి ఉండగా అతని ఏలుబడిలోని కరణాలు రాసి ఇచ్చిన కాగితాలు ఇవి అన్న సంగతి చదువరి మరువరాదు. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఈ సేకరణను కంపెనీ కొనుగోలు చేసింది. శిథిలమవుతున్న తెలుగు ప్రతులకు సి.పి.బ్రౌన్ కొత్త ప్రతులు రాయించి కాపాడాడు. వీటిలో అధికభాగం చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది.

దత్తత వ్యాజ్యము, జమీందారీ పతనము

వెంకటాద్రి నాయుడికి సంతానం లేదు. మొదట జగన్నాథబాబును, కొంతకాలానికి రామనాథబాబును దత్తత తీసుకున్నాడు. 1816లో ఇతడు మరణించగానే వారసత్వ వివాదం మొదలైంది. జగన్నాథబాబు మరణానంతరం కూడా ఆ వివాదం కుటుంబాన్ని వీడలేదు. వ్యాజ్యం చివరకు లండనులోని ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్ళింది. దత్తపుత్రుడు జీవించి ఉండగా మరొకరిని దత్తత చేసుకోవడం చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1846లో తీర్పు చెప్పింది. రంగమ్మ, అచ్చమ్మల వ్యాజ్యంగా ప్రసిద్ధి పొందిన ఈ తీర్పు హిందూ ధర్మశాస్త్ర విషయంలో ప్రమాణంగా నిలిచింది. 1956 నాటి హిందూ దత్తత చట్టంలోను ఇదే సూత్రం చోటు చేసుకుంది.

అయితే తీర్పు వెలువడే నాటికి పంచుకోవడానికి మిగిలినది స్వల్పమే. దావా ఖర్చులకు తోడు 1832 - 33లో నందననామ సంవత్సరపు కరువు వచ్చి గుంటూరు ప్రాంతాన్ని పీల్చి పిప్పిచేసింది. పేష్కషు బకాయిలు పేరుకుపోయి, 1840వ దశకంలో జమీందారీ సర్కారు పరమైంది. గుంటూరు శిస్తు వ్యవహారాలను విచారించడానికి 1845లో వచ్చిన వాల్టర్ ఇలియట్, అదే సమయంలో అమరావతి స్తూపాన్ని కూడా తవ్వించాడు. అతడు మద్రాసుకు తరలించిన శిల్పాలలో చాలా భాగం అనంతరం లండను చేరింది.

స్మృతి

ముక్త్యాలలో వాసిరెడ్డి వంశపు మరొక శాఖ కొనసాగింది. ఆ శాఖకు చెందిన రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఇరవయ్యవ శతాబ్దంలో నాగార్జునసాగర్ ప్రాజెక్టు సాధనకు విశేషంగా కృషి చేశాడు. జగ్గయ్యపేట, నందిగామ, ముక్త్యాల 2022లో కృష్ణా జిల్లా నుండి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. జగ్గయ్యపేట చెంతనున్న ధనంబోడు కొండపై కూడా ఒక బౌద్ధ స్తూపం ఉంది. దానిని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించి ప్రకటించాడు.

వెంకటాద్రి నాయుడి జమీందారీ ఇతని మరణానంతరం మూడు దశాబ్దాలకే అంతరించింది. కట్టించిన గోపురాలు, పెట్టిన ఊరి పేర్లు నిలిచాయి. ఇతని పేరుతో ముడిపడిన నరుకుళ్ళపాడు కూడా నిలిచింది.