నదీజలాల్లో విద్యుత్తును దర్శించిన ఇంజనీరు డాక్టర్ కె.ఎల్.రావు

(జూలై 15 డాక్టర్ కానూరి లక్ష్మణరావు జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

రాజమహేంద్రవరం, జూలై 15: పోలవరం వద్ద గోదావరి తీరాన ఒక్కొక్కటి 80 మెగావాట్ల సామర్థ్యం గల 12 యూనిట్లతో, మొత్తం 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నిర్మాణంలో ఉంది. సుమారు ఎనిమిది దశాబ్దాల క్రితం ఇదే ప్రాంతంలో రామపాదసాగర్ పేరిట ఒక బృహత్తర జలాశయానికి రూపకల్పన జరిగింది. ఆ నమూనాలపై పనిచేసిన వారిలో ఒకరు తదుపరి కాలంలో దేశ నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రిగా పదేళ్లపాటు బాధ్యతలు నిర్వహించారు. ఆయనే డాక్టర్ కానూరి లక్ష్మణరావు. కె.ఎల్.రావుగా సుప్రసిద్ధులైన ఆయనను తెలుగు ప్రజలు ఎక్కువగా నాగార్జునసాగర్‌తోనే గుర్తుంచుకున్నారు. విద్యుత్ రంగంలో ఆయన కృషికి అంతటి ప్రచారం లభించలేదు.

లక్ష్మణరావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదవ ఏటనే తండ్రిని కోల్పోయారు. పాఠశాలలో ఆటలాడుతుండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయింది. గీతలు, కొలతలే ఆధారమైన వృత్తిని ఎంచుకున్న యువకునికి అది చిన్న లోపం కాదు. అయినా మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్, గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో పట్టభద్రత పూర్తి చేసి, మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్‌లో స్నాతకోత్తర పట్టా పొందిన తొలి విద్యార్థిగా నిలిచారు. రంగూన్‌లో ఆచార్యునిగా పనిచేశారు. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకుని, అక్కడే కొంతకాలం అధ్యాపక వృత్తిలో ఉన్నారు. నిర్మాణ ఇంజనీరింగ్, రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుపై గ్రంథం రచించారు.

స్వదేశానికి తిరిగి వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరిన ఆయనకు గోదావరితో పరిచయం ఏర్పడింది. అప్పటికి సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించి తొంభై ఏళ్లు దాటింది. డెల్టా కాలువలకు నీరు అందుతున్నా, వరదనీరు యథేచ్ఛగా సముద్రంలో కలిసేది. కాటన్ ఆనకట్ట నీటిని మళ్లించగలదే కాని నిల్వ చేయలేదు. నిల్వ లేనిదే జలవిద్యుత్తు లేదు. ఎగువన పాపికొండల దిగువన, నది మైదానంలోకి ప్రవేశించే చోట పెద్ద జలాశయం నిర్మించాలని చీఫ్ ఇంజనీరు ఎల్.వెంకటకృష్ణ అయ్యర్ 1940వ దశకంలో ప్రతిపాదించారు. సాగునీరు, విద్యుత్తు, వరద నియంత్రణ మూడింటినీ ఒకే పథకంలో ఇమిడ్చిన ఆలోచన అది.

అయితే అక్కడి నదీగర్భం ఇంజనీర్లకు పెద్ద సవాలుగా పరిణమించింది. పైకి కనిపించే ఇసుక కింద రాతిపొర ఎంతో లోతున ఉంది. మృత్తికా యంత్రశాస్త్రానికి ఆద్యులైన కార్ల్ టెర్జాగీని, అమెరికాలో పెద్ద ఆనకట్టల రూపకర్తగా ప్రసిద్ధి పొందిన జె.ఎల్.సావేజ్‌ను మద్రాసు ప్రభుత్వం సంప్రదించింది. అటువంటి నిపుణుల సాహచర్యంలో పనిచేయడం లక్ష్మణరావుకు రెండవ విద్యాభ్యాసమయింది. అంచనా వ్యయం 129 కోట్ల రూపాయలుగా తేలింది. అప్పుడే స్వాతంత్ర్యం పొందిన దేశానికి ఆ మొత్తం తలకు మించిన భారం. పథకం పక్కకు వెళ్లింది. గోదావరి డెల్టా తన సొంత నదిపై ప్రధాన జలవిద్యుత్ కేంద్రం లేకుండానే మరో ఏడు దశాబ్దాలు గడపవలసి వచ్చింది.

1950లో లక్ష్మణరావు ఢిల్లీలోని కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల విభాగం డైరెక్టరుగా చేరి, 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఈ దశలోనే నాగార్జునసాగర్ రూపకల్పన జరిగింది. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన ఈ ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతికట్టుతో నిర్మించాలన్న నిర్ణయం వెనుక గట్టి ఆర్థిక కారణం ఉంది. సిమెంటు కొరత, విదేశీ మారకద్రవ్యం కొరత ఉన్న దేశంలో రాయి, మనుషుల శ్రమ మాత్రం అందుబాటులో ఉన్నాయి. యంత్రాల స్థానంలో వేలాది కూలీలకు పని లభించింది.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 1978 - 1985 మధ్య ఏర్పాటయిన ఎనిమిది యూనిట్లలో ఏడు రివర్సిబుల్ టర్బైన్లు. అవసరమైనప్పుడు విద్యుత్తును ఉత్పత్తి చేస్తూ, మిగులు విద్యుత్తు ఉన్న వేళ కింది నీటిని తిరిగి పైకి తోడే విధంగా వీటిని అమర్చారు. పగలు సౌరవిద్యుత్తు పుష్కలంగా ఉండి సాయంత్రం దీపాలు వెలిగే వేళకు లేకుండా పోయే నేటి పరిస్థితుల్లో, నీటిని ఎత్తి దాచుకునే ఈ పద్ధతినే పంప్డ్ స్టోరేజ్ పేరిట రాష్ట్రాలు మళ్లీ ఆశ్రయిస్తున్నాయి.

1962లో విజయవాడ నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికయిన ఆయన 1967, 1971లలోనూ గెలుపొందారు. 1963లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. అదే ఏడాది జూలై 20న కేంద్ర మంత్రివర్గంలో చేరి నెహ్రూ, లాల్‌బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ ప్రభుత్వాలలో కొనసాగారు. రాజకీయాల్లోనూ ఆయన మాట నీటి లెక్కల చుట్టూనే తిరిగేది. 1978లో వెలువడిన ఆత్మకథకు ‘ది క్యూసెక్స్ క్యాండిడేట్’ అని పేరు పెట్టుకోవడంలో ఆయన చమత్కారం, స్వభావం రెండూ కనిపిస్తాయి.

ఆనాడు విద్యుత్ వ్యవస్థ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంగా ఉండేది. ఒక రాష్ట్రంలో మిగులు, పొరుగు రాష్ట్రంలో చీకటి. 1964లో దేశాన్ని అయిదు ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ విద్యుత్ బోర్డులను ఏర్పాటు చేయడంతో రాష్ట్రాల మధ్య విద్యుత్ మార్పిడికి పునాది పడింది. ఆ ప్రయత్నం పూర్తి కావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. దక్షిణాది గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో అనుసంధానమైనది 2013 డిసెంబర్ 31న.

పల్లెల విద్యుదీకరణ ఆయన హయాంలో వేగం పుంజుకుంది. 1961 నాటికి దేశంలో విద్యుత్ సౌకర్యం గల గ్రామాలు సుమారు 21 వేలు కాగా, 1974 నాటికి ఆ సంఖ్య లక్షన్నర దాటింది. బి.వెంకటప్పయ్య అధ్యక్షతన గల గ్రామీణ రుణ సమీక్షా సంఘం సిఫార్సులపై 1969 జూలైలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. తొలినాళ్లలో దాని ప్రోత్సాహంతో వెలసిన విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్ల సంఘం ఒకటి. అయితే 1965-67 కరవుల అనంతరం ప్రాధాన్యం వ్యవసాయ పంపుసెట్లకు మళ్లింది. గ్రామం విద్యుదీకరణ జాబితాలో చేరినా పేదల ఇళ్లలో కిరోసిన్ బుడ్డి మరెన్నో ఏళ్లు వెలుగుతూనే ఉంది. ఆ గణాంకాలను నేడు ప్రస్తావించేవారు గ్రామానికి, గృహానికి మధ్య గల ఈ తేడాను గమనించాలి.

ఛార్జీల ప్రశ్న కూడా ఆనాడే తలెత్తింది. 1948 విద్యుత్ సరఫరా చట్టం ప్రకారం ఏర్పడిన రాష్ట్ర బోర్డుల ఆర్థిక స్థితిని పరిశీలించిన వెంకటరామన్ కమిటీ, పెట్టుబడిపై విద్యుత్ సుంకంతో కలిపి 11 శాతం ప్రతిఫలం రావాలని 1964లో సూచించింది. బోర్డులు ఆ లక్ష్యానికి చేరువ కాలేకపోయాయి. చౌకగా ఇవ్వాలన్న కోరిక, ఖర్చు రాబట్టాలన్న నియమం మధ్య ఘర్షణ అప్పటి నుంచి ఆగలేదు.

1972లో వర్షాలు ముఖం చాటేశాయి. జలాశయాలు అడుగంటి, జలవిద్యుత్తుపై ఆధారపడిన రాష్ట్రాలు కోతలు విధించవలసి వచ్చింది. నదిపై విశ్వాసముంచిన మంత్రికి అది కఠిన పరీక్ష. ఆ ఏడాదే ఆయన గంగా - కావేరి అనుసంధాన ప్రతిపాదనను ముందుకు తెచ్చారు. పాట్నా సమీపం నుంచి 60 వేల క్యూసెక్కుల నీటిని 2,640 కిలోమీటర్ల దూరం తరలించాలన్నది యోచన. ఎత్తిపోతకే అయిదు వేల మెగావాట్లకు మించిన విద్యుత్తు అవసరమని తేలడంతో, వ్యయం దృష్ట్యా అది కాగితాలకే పరిమితమయింది. విద్యుత్ కొరతను స్వయంగా చవిచూస్తున్న కాలంలో అంతటి విద్యుత్తును కోరే పథకాన్ని ప్రతిపాదించడం ఆయన దార్శనికతకు ఉన్న పరిమితిని చూపుతుంది. 1973లో ఆయన మంత్రి పదవి నుంచి వైదొలగారు.

గోదావరి జిల్లాల విషయానికి వస్తే, రామపాదసాగర్ ఆగినా గోదావరి ఉపనదుల నీరు విద్యుత్తును ఇచ్చింది. 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్, ఆ తరువాత 240 మెగావాట్ల ఎగువ సీలేరు, 1970వ దశకం చివరికి 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రాలు కోస్తా జిల్లాలకు ఆధారమయ్యాయి. 1990వ దశకంలో విజ్జేశ్వరం వంటి కేంద్రాలతో డెల్టా సహజవాయువు వైపు మళ్లింది. 2013 నుంచి కృష్ణా - గోదావరి బేసిన్ గ్యాస్ సరఫరా కుదించుకుపోవడంతో పలు గ్యాస్ కేంద్రాలు నిలిచిపోయాయి. బొగ్గుకు, గ్యాస్‌కు ధర పెరిగినప్పుడల్లా ఆ భారం ఇంధన సర్దుబాటు రూపంలో గృహ వినియోగదారుని బిల్లులోకి చేరుతోంది. పాత జలవిద్యుత్ కేంద్రాలకు ఇంధన వ్యయం లేదు. సీలేరు యూనిట్లు నేటికీ చౌక విద్యుత్తును అందిస్తున్నాయంటే కారణం అదే. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ఇంటిపై సౌరఫలకాలకు 78 వేల రూపాయల వరకు కేంద్ర రాయితీ లభిస్తోంది. ఇంటి కప్పుపై తయారయ్యే ఈ విద్యుత్తుకు కూడా ఇంధన ఖర్చు లేదు. రాత్రివేళ కొరత తీర్చడానికి మాత్రం నీటి నిల్వ తోడు కావాలి.

జలవిద్యుత్తుకు ఇంధన వ్యయం లేకపోయినా మూల్యం లేకపోలేదు. పోలవరం జలాశయం కింద కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాల గిరిజన గ్రామాలు ముంపునకు గురవుతున్నాయి. యూనిట్ ధర లెక్కించేటప్పుడు వీరి పునరావాసం కూడా ఆ లెక్కలో ఉండవలసినదే.

పదవీ విరమణ అనంతరం డాక్టర్ రావు రచనలో, నదుల అధ్యయనంలో గడిపారు. ఆయన మంత్రిగా ఉన్న 1969లో ఏర్పాటయిన గోదావరి జలవివాద ట్రిబ్యునల్ 1980లో తుది తీర్పు ఇవ్వడం, 1981లో అప్పటి ముఖ్యమంత్రి టి.అంజయ్య పోలవరానికి శంకుస్థాపన చేయడం ఆయన జీవితకాలంలోనే జరిగాయి. 1986 మే 18న ఆయన కన్నుమూశారు. అదే ఏడాది ఆగస్టులో గోదావరికి చరిత్రలో కనీవినీ ఎరుగని వరద వచ్చి, ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించి, డెల్టాను ముంచెత్తింది.

కృష్ణానదిపై పులిచింతల వద్ద నిర్మించిన 45.77 టీఎంసీల జలాశయానికి డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ అని నామకరణం చేశారు. 2013 డిసెంబర్‌లో ప్రారంభమైన ఈ జలాశయం వద్ద 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నెలకొంది.