కొండసీమలో కృష్ణరాయలు

కార్వేటినగరము నుండి చంద్రగిరి మీదుగా శేషాచలము వఱకు గల చిత్తూరు సీమ కొండల సీమ. ఈ సీమకు శ్రీకృష్ణదేవరాయలు 1513 నుండి 1521 లోపల ఏడుమార్లు తిరుమలేశుని సేవకై వచ్చెను. రాయల కవితాప్రీతిని బడిపిల్లలు సైతము ఎఱుగుదురు. ఆయన దేహసాధనను ఎఱిగినవారు తక్కువ.

1509లో ఆయన సింహాసన మెక్కునాటికి ఉదయగిరి, కొండవీడు దుర్గములు గజపతుల వశమున నుండెను. రాజు స్వయముగా సేనను నడుపవలసిన కాలమది. రాయలు పుట్టువజ్రకాయుడు కాడు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వ్రాసినదానినిబట్టి ఆయన మధ్యరకపు ఎత్తువాడు, కొంచెము స్థూలకాయుడు, ముఖమున మశూచిమచ్చలు గలవాడు. అట్టి దేహమును ఆయన నిత్యసాధనచే లొంగదీసెను. తెల్లవాఱకమునుపే లేచి గిన్నెడు నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, గోచి బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువుల నెత్తెడివాడు. పిమ్మట ఆ నూనె చెమటగా కాఱిపోవువఱకు కత్తిసాము. ఆపైన ఒక జెట్టితో కుస్తీ. తరువాత తెల్లవాఱువఱకు మైదానమున గుఱ్ఱపుస్వారీ. స్నానము, పూజ, రాజకార్యములు ఆ వెనుకనే.

ఈ సాధనయంతయు మైదానమున జరిగినది. పరీక్ష మాత్రము కొండలమీద వచ్చినది. ఉదయగిరి దుర్గము దాదాపు 3000 అడుగుల కొండపై నున్నది. దారి ఇఱుకు. రాయలు బండలు పగులగొట్టించి త్రోవలు వెడల్పు చేయించెను. ఏడాదిన్నర ముట్టడి పిమ్మట 1514లో కోట లొంగెను. ఆ జూలైలోనే ఆయన తిరుమలకు వచ్చి, 30,000 బంగారు నాణెములతో స్వామికి కనకాభిషేకము చేయించెను. 1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడువఱకు ఆ కొండకు మెట్లదారులే శరణ్యము. 8000 అడుగులకు పైబడిన కొండలపై గాలి పలుచబడును. అచ్చట మైదానపు సాధన యొక్కటే చాలదు, క్రమముగా ఎత్తునకు అలవాటుపడవలెను. మన కొండలు అంత ఎత్తైనవి కావు. ఇచ్చట కాలిబలము, ఊపిరిబలము ఉన్నవాడు నెగ్గును.

పెద్దన రాయలకు అంకితమిచ్చిన మనుచరిత్రములో ప్రవరుడు పాదలేపముతో క్షణములో హిమాలయము చేరును; లేపము మంచుకు కరగగా ఇల్లు చేరు దారి లేక తల్లడిల్లును. అదే కావ్యమున స్వరోచి కొండయడవులలో వేటాడును. కృతిపతికి పాదలేపము లేదు. ఉన్నది వేకువజాము చెమటయే.

అయినను కండబలమునకు లొంగని శత్రువు కలడు. ఆఱేండ్ల కుమారుడు తిరుమలరాయనికి పట్టము కట్టినపిదప ఆ బాలుడు జబ్బుపడి మరణించెను. ఆ మృతికి తిమ్మరుసే కారకుడని నమ్మి, తండ్రివంటి ఆ మంత్రి కన్నులు రాయలు తీయించెనని నూనిజ్ వ్రాసెను. జెట్టిని పడగొట్టిన చేతులు దుఃఖమును, కోపమును పడగొట్టలేకపోయెను. 1529లో రాయలు అస్తమించెను. చంద్రగిరి కోటలో నిర్బంధమున నున్న తమ్ముడు అచ్యుతరాయలు రాజ్యమున కెక్కెను.

తిరుమల ఆలయమున ఇద్దఱు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలిచిన రాయల విగ్రహము నేటికిని కలదు. దేహమును గెలిచినవాడు మనస్సును గెలుచుటకై మ్రొక్కుచున్నట్లు అది కానవచ్చును.