డాక్టరు వైల్డరు పెన్‌ఫీల్డు చరిత్రము

ఎవరికైనను మూర్ఛ వచ్చినచో ముందుగా తాళపుచెవుల గుత్తికై వెదకుట మనవారి వాడుక. ఇనుము చేత పట్టించుటచే మూర్ఛ ఆగదు. కొలదిసేపటికి దానంతట నది తగ్గును, పేరు మాత్రము గుత్తికి వచ్చును. ఈ రోగమూలమును మెదడునందు వెదకుటకై తన యాయువును ధారవోసిన వైద్యుని చరిత్రమును మా చదువరులకు తెలుపుచున్నాము.

వైల్డరు పెన్‌ఫీల్డు 1891 వ సంవత్సరము జనవరి 26 వ తేదీన అమెరికాలోని స్పోకేను పట్టణమున జన్మించెను. తండ్రి వైద్యుడు. ఆక్స్‌ఫర్డులో షెరింగ్టను పండితునొద్ద నాడీమండలమును గూర్చి నేర్చెను. 1916 లో నతడెక్కిన ఓడ యుద్ధములో దెబ్బతినగా గాయపడి బ్రదికెను. 1928 లో కెనడాలోని మాంట్రియలు చేరెను.

ఆ యేడు డిసెంబరులోనే యతనికి కఠినపరీక్ష సంభవించెను. అతని యక్క రూతు తలనొప్పితోను, మూర్ఛలతోను బాధపడుచుండెను. మెదడు ముందుభాగమున, కుడివైపున, కంతి యున్నట్లు తేలెను. తోబుట్టువుపై కత్తి నెత్తుటకు ఏ వైద్యుని చేయి వణకదు? అయినను పెన్‌ఫీల్డే శస్త్రచికిత్స చేసి, ఆ భాగమును చాలవరకు తొలగించెను. కంతి వ్రేళ్లు మాత్రము పూర్తిగా పోలేదు.

రూతు కోలుకొని యింటికి పోయెను. మాట, మర్యాద, జ్ఞాపకము చెడలేదు. చూడవచ్చినవారికి లోపమేమియు కనబడలేదు. ఏడాదికి పైబడిన పిమ్మట నామె తమ్మునికిని, ఇంటివారు నలుగురికిని రాత్రిభోజనము సిద్ధపరుప బూనెను. పగలంతయు వ్యవధి యుండెను. సామగ్రి యంతయు ఎదుటనే యుండెను. వేళయగునప్పటికి ఒకటి రెండు వంటకములు పొయ్యిమీద నుండెను, మాంసము పొయ్యి యెక్కనే లేదు, పచ్చికూరలు సిద్ధము కాలేదు. ఆమె నడుమ నిలిచి దిక్కు తోచక దుఃఖించుచుండెను. ఆ వంటలలో నొక్కటియు నామెకు తెలియనిది కాదు. ఏది ముందు, ఏది వెనుక, ఏది యేకకాలమున అను క్రమము నేర్పరచు శక్తియే తగ్గిపోయెను. దీనినే నేడు కార్యనిర్వహణశక్తి యందురు. రూతు 1931 లో మరణించెను. పెన్‌ఫీల్డు తన దుఃఖమును దాచుకొని, యామె స్థితిని యథాతథముగా వ్రాసి 1935 లో వైద్యులకు ప్రకటించెను. మా దృష్టిలో నతని శస్త్రచికిత్సలన్నిటికంటె ఇది గొప్ప సాహసము.

పాఠము తెలిసియు పుస్తకములు సర్దుకొనలేని, మొదలిడిన లెక్క ముగింపలేని మూర్ఛరోగి బాలుని సోమరియని దండించు తలిదండ్రులును, ఉపాధ్యాయులును ఈ వంటయింటిని ఒకసారి తలంతురు గాక.

1934 లో పెన్‌ఫీల్డు మాంట్రియలు నాడీవైద్యాలయమును స్థాపించెను. అచ్చట హెబ్బు అను శాస్త్రజ్ఞుడు, మూర్ఛకై మెదడు ముందుభాగము తొలగింపబడిన యొక రోగికి సాధారణ బుద్ధిపరీక్షలో మార్కులు తగ్గలేదని 1940 లో చూపెను. రూతునందు కనబడిన లోపమును పట్టుటకు వేరు కొలబద్ద కావలసి వచ్చెను. బ్రెండా మిల్నరు అను విదుషి చీట్లతో నట్టి పరీక్షను జరిపి 1963 లో ఫలితము ప్రకటించెను. రంగునుబట్టియో, ఆకారమునుబట్టియో, సంఖ్యనుబట్టియో చీట్లు వేరుచేయవలెను; నియమము రోగికి చెప్పరు, సరియో తప్పో మాత్రము చెప్పుదురు. పది మారులు వరుసగా సరియైన పిమ్మట, చెప్పకయే నియమమును మార్చుదురు. ముందుభాగము కోల్పోయినవారు తప్పని చెప్పుచున్నను పాత నియమమునే పట్టుకొని వ్రేలాడిరి. ఇంట నొక భాషయు, బడిలో వేరొక భాషయు మాటలాడు పిల్లలు గల మన కాప్రా వంటి చోట, చదువవలసిన పనిలేని యీ చీట్లు మిక్కిలి యుపయోగించునని మాకు తోచుచున్నది.

పెన్‌ఫీల్డునొద్ద నేర్చిన జాకబు చాండీ 1949 లో వేలూరి క్రైస్తవ వైద్యకళాశాలలో భారతదేశమున మొట్టమొదటి నాడీశస్త్రచికిత్సా శాఖను నెలకొల్పెను. చిత్తూరు, రాయలసీమల నుండి మూర్ఛరోగులను వెంటబెట్టుకొని ఎందరో తెలుగువారు వేలూరి దారి పట్టిరి. పెన్‌ఫీల్డు 1960 లో వైద్యాలయాధ్యక్షత విడిచి గ్రంథరచనయందు నిమగ్నుడై, 1976 వ సంవత్సరము ఏప్రిలు 5 వ తేదీన మాంట్రియలునందే కన్నుమూసెను.